ఆ మొదటి తూటా నాది

మా పక్కింటి అంకుల్ పోయారని ఆంటీ పొద్దున ఏడింటికి ఫోన్ చేసి చెప్పింది. నేను ఆఫీసు బండిలో నీళ్ళ క్యాన్లు సర్దుతున్నాను. "మీ అంకుల్ లేవలేదు పిల్లా" అంది. రోజూ ఐదింటికే లేచే మనిషి. నాకు వెంటనే అర్థం కాలేదు. "లేపండి ఆంటీ" అన్నాను. అవతల ఫోన్ బల్ల మీద పెట్టేసిన చప్పుడైంది. అప్పుడు తెలిసింది.

దహనానికి ముందు హాల్లో తలా నాలుగు మాటలు చెప్పారు. ఆయన బాగుచేసిన గడ్డికోత మెషిన్ల గురించి, పెరట్లో పండించి వీధంతా పంచిన కసావా అనే కర్రపెండలం దుంపల గురించి. ఆయనతో ఏళ్ళ తరబడి వేటకు వెళ్ళిన మిత్రుడొకాయన ప్రేమగానే ఇలా అన్నారు: "ఇరవై ఏళ్ళలో ఒక్క జంతువుని కూడా యాతన పెట్టని మనిషి. చివరిసారే, పాపం, గురి తప్పింది. కళ్ళు మసకేశాయంటే ఒప్పుకోలేదు మొండిఘటం!" అందరూ తడికళ్ళతో నవ్వారు. ఆంటీ కూడా నవ్వింది. మూడో వరసలో కూర్చున్న నేనూ నవ్వుతున్నట్టు పెదాలు కదిపాను.

మన సంఘం పత్రిక చదివేవాళ్ళలో చాలామంది ఆ రోజు ఆ హాల్లో ఉన్నారు. ఆ మాట విన్నారు. అది నిజం కాదు. ఆయన గురి ఏనాడూ తప్పలేదు. నిజం ఆ రోజే లేచి చెప్పాల్సింది. చెప్పలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఆయనది ఫిజీ. వాళ్ళ ముత్తాత చెరకు తోటల పనికి ఓడెక్కి వెళ్ళిన తెలుగువాడు. అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూల్చి గొడవలు జరిగాక వీళ్ళు ఆస్ట్రేలియా వచ్చి, చివరికి డార్విన్ పక్కనున్న పామర్‌స్టన్‌లో స్థిరపడ్డారు. ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా పనిచేశారు. ఆయన తెలుగులో సగం ఫిజీ హిందీ, పావు ఇంగ్లీషు. మిగతా పావు మాత్రం మా నానమ్మ మాట్లాడేటట్టు ఉండేది. నేను యూనివర్సిటీ చదువుకు వచ్చి వాళ్ళ పక్కింట్లో గది అద్దెకు తీసుకున్న కొత్తలో, పెరట్లో నిలబడి అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే కంచె అవతల నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఎవరది? మన మాట మాట్లాడేది ఎవరు?"

ఆ తర్వాత ఏ ఆదివారమూ నేను ఒంటరిగా తిన్నది లేదు.

నా గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే జరిగింది మీకు అర్థం కాదు. మాది నల్గొండ వైపు. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేను. అమ్మా నాన్నా బర్రెలు కాసేవాళ్ళు. బడికి ముందు ఒక పూట, బడి అయ్యాక ఒక పూట నేనూ కాసేదాన్ని. అక్షరాలు నేర్చుకున్నది కూడా సగం బర్రె వీపు మీదే. "మా పిల్ల సదువుకున్నది, తప్పు చెయ్యది" అని అమ్మ ఊరందరికీ చెప్పేది. చిన్నప్పటి నుంచి ఆ మాట వింటూ పెరిగిన నాకు తప్పు చెయ్యడం ఎలాగో, చేశాక ఒప్పుకోవడం ఎలాగో ఎవరూ నేర్పలేదు.

ఇక్కడ నేను చేసే ఉద్యోగం చిత్తడి నేలల సర్వే. ఒకప్పుడు మాంసం కోసం ఓడల్లో తెచ్చి వదిలేసిన బర్రెలు ఈ ఉత్తరాన అడవిపాలై మందలు మందలుగా పెరిగాయి. అవి పొర్లిన చోట తామరలు చచ్చిపోతాయి, తొక్కిన దారుల వెంట సముద్రపు ఉప్పునీరు లోపలికి వస్తుంది. ఏ మడుగు ఎంత పాడైంది, అక్కడ మంద ఎంత తగ్గాలి అని నేను రిపోర్టులు రాస్తాను.

ఒక ఆదివారం అంకుల్ మా రిపోర్టు ఒకటి చేతిలో పట్టుకుని అడిగారు.

"తగ్గించాలి అని రాశావు. అంటే చంపాలి అనేగా?"

"అంతే అంకుల్."

"మరి చంపాలి అని రాయొచ్చుగా. సిగ్గా?"

ఆంటీ లోపల్నుంచి, "పిల్లని తిననివ్వండి" అని అరిచింది.

"తిననీ. తింటూనే చెప్పమను. ఒక్కటన్నా చావడం దగ్గర్నుంచి చూశావా పిల్లా?"

"బర్రెల గురించి నాకు చెప్తారా? వాటి మధ్యే పెరిగాను" అన్నాను రోషంగా.

"పాలు పిండావు. నేనడిగింది అది కాదుగా."

ఆ మాట పట్టుకునే నేను తుపాకి లైసెన్స్ క్లాసులకు వెళ్ళాను. రాసే చేతికి ఆ బరువు తెలియాలి అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కాగితం మీద నాకు అన్నీ నిజంగానే అనిపిస్తాయి.

ఆయన నేర్పిన పద్ధతి ఒక మెకానిక్ నేర్పే పద్ధతి. గరాజు నేల మీద సుద్దముక్కతో నిలువెత్తు దున్నపోతు బొమ్మ గీశారు. గుండె, ఊపిరితిత్తులు, భుజం ఎముక, ఆ వెనక పెద్ద పొట్ట, అన్నీ ఉన్నంత కొలతల్లో. నన్ను ఆ బొమ్మలో గుండె మీద నిలబడమన్నారు. "ఇంజను ఎక్కడుందో తెలియనివాడు బానెట్ ముట్టుకోకూడదు. ఇప్పుడు అది కొంచెం పక్కకి తిరిగింది అనుకో. గుండె ఎక్కడికి పోయింది?" నేను ఒక అడుగు జరిగేదాన్ని. "పూర్తిగా వెనక్కి తిరిగింది. ఇప్పుడో?" నేను వెతుక్కునేదాన్ని. "వెతక్కు. ఇప్పుడు ఏమీ లేదు. ఇంటికి పోవడమే" అనేవారు.

ఆయన దగ్గర రెండు తుపాకులు ఉండేవి. త్రీ సెవెన్ ఫైవ్ అనే పెద్దది, త్రీ ఓ ఎయిట్ అనే చిన్నది. పెద్దది పేలిస్తే భుజాన్ని గుర్రం తన్నినట్టుండేది. మొదటి రోజు షూటింగ్ రేంజ్ నుంచి వచ్చాక నా భుజం వంకాయ రంగుకు తిరిగింది. భుజం మీదికి చున్నీ లాక్కుని దాచుకున్నాను.

"చిన్నది సరిపోతుందని చదివాను అంకుల్."

"దేనికి?"

"దున్నకే. చాలామంది వాడతారట. మంచి తూటా వేసుకుంటే, సరిగ్గా తగిలితే చాలట."

"సరిగ్గా తగిలితే. తగలకపోతే? ఎముకకి తగిలితే? దున్న ఎముక ఎట్లా ఉంటదో తెలుసా నీకు? తుపాకి నీ భుజానికి సరిపోతే చాలదు పిల్లా. దాని భుజానికి సరిపోవాలి."

ఐదు తూటాలకు ఐదూ పేపర్ ప్లేటులో పడేదాకా నన్ను అడవికి తీసుకెళ్ళనన్నారు. అదీ నిలబడి, అదీ పెద్దదానితో. రెండు నెలలు పట్టింది. పడ్డాయి. కానీ ప్రతిసారీ ట్రిగ్గర్ నొక్కేముందు నేను కళ్ళు మూసుకునేదాన్ని. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చూశారా, దాచడం అప్పుడే మొదలైంది.

ఆయన ఇరవై ఏళ్ళుగా వేటాడేది ఒకే ఒక పశువుల స్టేషన్‌లో. స్టేషన్ అంటే ఇక్కడ మన మండలమంత ఉండే పెంపకం భూమి. దాని యజమానురాలు డెబ్బై దాటిన మనిషి. గేటు తాళం వేరే వేటగాళ్ళెవరికీ ఇచ్చేది కాదు, ఈయనకు ఇచ్చేది. ఆమెది ఒకటే షరతు. దున్న గాయపడితే దాని వెంట పడి పని ముగించాలి, ఆ తర్వాత ఇంటికొచ్చి ఎవరు కొట్టారో, ఎలా జరిగిందో ఆమె ముఖం మీద చెప్పాలి. మాంసం స్టేషన్ పనివాళ్ళకు, దగ్గర్లోని ఆదివాసీ కుటుంబాలకు పోయేది. అంకుల్ కొంచెం ఇంటికి తెచ్చుకుంటే, ఆంటీ దాన్ని దేవుడి పటాలున్న వంటింట్లోకి రానిచ్చేది కాదు, పెరట్లో బార్బెక్యూ పొయ్యి మీద వేరే గిన్నెలో వండేది.

మేం వెళ్ళింది ఆగస్టులో. రెండు రోజుల ముందు నుంచి తలకు కొబ్బరినూనె వద్దన్నారు, వాసన గాల్లో పోతుందని. బండి దిగగానే, ఎండకు మెరుస్తుందని చేతి గడియారం తీసి డ్యాష్‌బోర్డులో పెట్టారు. జేబులో పలచటి గుడ్డలో కట్టిన బూడిద మూట. దాన్ని నొక్కితే లేచే పొగను బట్టి గాలి ఎటుందో చూసేవారు. "చేరువకి పోవాలి. చాలు అనిపించాక ఇంకో పది అడుగులు పోవాలి. దూరం నుంచి కొట్టడం గొప్ప కాదు, బద్ధకం" అనేవారు.

బండి దగ్గర నేను చిన్న తుపాకి చేతిలోకి తీసుకున్నాను.

"అదెందుకు?"

"నడిచేటప్పుడు తేలిగ్గా ఉంటుంది అంకుల్. పెద్దది మీరు పట్టుకోండి. కొట్టేటప్పుడు మార్చుకుందాం."

ఆయన నా ముఖంలోకి చూశారు. నమ్మారు.

గంటన్నర నడిచాక, బెరడు కాగితంలా ఊడే పేపర్‌బార్క్ చెట్ల నీడలో ఒంటరి దున్నపోతు కనిపించింది. మాకు తోక చూపించి పడుకుని ఉంది. యాభై అడుగులు ఉంటుందేమో. అంకుల్ నా చేతిలోని తుపాకి కోసం చెయ్యి చాపి, పెద్దది నా వైపు పెట్టారు. నేను తీసుకోలేదు. భుజం మీద ఆ దెబ్బ మళ్ళీ తినలేను అనుకున్నాను. నేను తలడ్డంగా ఊపాను. ఆయన బూడిద మూట నొక్కారు. గాలి మా వెనక నుంచి దాని వైపు మళ్ళుతోంది. పోదాం అన్నట్టు వేళ్ళతో సైగ చేశారు. దున్న తిరగలేదు, గాలి బాగాలేదు, చేతిలో ఉన్నది సరైన తుపాకి కాదు. ఆయన లెక్కలో అది ఇంటికి పోవాల్సిన రోజు.

నేను రెండు నెలల కష్టం గురించి ఆలోచించాను. సోమవారం ఆఫీసులో ఏం చెప్పాలో ఆలోచించాను. అప్పుడు, ఎందుకో, నాలుక అంగిటికి తగిలించి ఒక చప్పుడు చేశాను. సాయంత్రం పూట మా అమ్మ బర్రెల్ని పిలిచే చప్పుడు. ఎక్కడ మేస్తున్నా అది వింటే అవి తలెత్తి వచ్చేవి.

దున్న లేచింది. బెదరలేదు. ఎవరో తెలిసినవాళ్ళు పిలిచినట్టు మెల్లగా సగం తిరిగి, మా వైపు చూసింది. నేను కొట్టాను. కళ్ళు మూసుకునే కొట్టాను.

తూటా పొట్టలో పడింది. చప్పుడును బట్టే ఆయనకు తెలిసిపోయింది. దున్న రెల్లులోకి దూసుకుపోయింది. ఆయన కొట్టడానికి సందు దొరకలేదు.

దాని వెంట నాలుగు గంటలు నడిచాం. ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు. నడుం వంచి ఆకుల మీద రక్తపు చుక్కలు వెతుకుతూ ముందు నడిచారు. ఒక్క మాట తిట్టలేదు. మధ్యలో నీళ్ళు తాగడానికి ఆగినప్పుడు మాత్రం అడిగారు.

"ఆ చప్పుడేంటి?"

"మా అమ్మ... బర్రెల్ని ఇంటికి పిలిచే చప్పుడు."

ఆయన సీసా మూత పెట్టడం ఆపేశారు.

"పిలిచి కొట్టావా?" అన్నారు.

అంతే. అందులో కోపం లేదు. ఆయనకు నిజంగా అర్థం కాలేదు. నాకు వచ్చిన విద్యల్లో అమ్మ నుంచి వచ్చింది అదొక్కటే. నేను దాన్ని దేనికి వాడానో ఆ ప్రశ్న విన్నాకే తెలిసింది.

ఒక బురదగుంటలో దొరికింది. ఇంకా బతికే ఉంది. ఆయన చేరువకి వెళ్ళి, పెద్దదానితో ఒక్క దెబ్బతో ముగించారు. టోపీ తీసి దాని పక్కన కూర్చున్నారు. ప్రతిసారీ అలాగే కూర్చుంటారట. ఆ రోజు చాలాసేపు లేవలేదు.

పొట్ట పగిలి మాంసం చెడిపోయింది. ఎవరికీ ఇవ్వడానికి పనికిరాలేదు. అంకుల్ కబురు చేస్తే యజమానురాలు తన బండిలో వచ్చి చూసింది. చర్మం మీద రెండు రంధ్రాలు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

"ఈ చిన్నది ఎవరిది?" అంది.

అంకుల్ నా వైపు తిరిగారు. తొందరపెట్టలేదు. నాకు చాలినంత సమయం ఇచ్చారు. నేను నా బూట్ల మీద ఎండిన బురద చూస్తూ నిలబడ్డాను. లైసెన్స్ పోతుందేమో, మా బాసుకు తెలుస్తుందేమో అనుకున్నాను. అదంతా పైపై లెక్క. అసలు సంగతి ఏంటంటే, తప్పు చేసింది నేనని ఒక మనిషి ముందు నోటితో అనడం నాకు రాలేదు.

"నాది" అన్నారు ఆయన.

"నువ్వా? ఇంత చిన్న తుపాకితోనా?"

"చేతికి తేలిగ్గా ఉందని."

నేను చెప్పిన సాకే. ఒక్క ముక్క మార్చలేదు.

ఆమె ఆయన కళ్ళలోకి చూసింది. "ఇక చాలేమో మేట్. తాళం ఇచ్చెయ్యి" అంది. ఆయన కీ రింగులోంచి గేటు తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టారు. అది ఊడిరావడానికి గోటితో చాలాసేపు కష్టపడాల్సి వచ్చింది.

తిరుగు దారి పట్టాం. హైవే ఎక్కాక అన్నారు: "నేనక్కడ అబద్ధం చెప్పాను. పద్ధతి కాదు. కానీ నీ నోట్లోంచి రావాల్సిన మాట నేను చెప్తే నిజం కూడా దొంగ సొమ్మే అవుతది. ఆమెకి నువ్వే చెప్పాలి. ఎప్పుడన్నది నీ ఇష్టం."

"వచ్చే వారం చెప్తాను అంకుల్."

రెండేళ్ళు గడిచాయి. ఆయన మళ్ళీ ఒక్కసారి కూడా అడగలేదు. ఆదివారం భోజనాలు ఆగలేదు. నా బండి ఆయిల్ ఆయనే మార్చేవారు. నాకు ప్రమోషన్ వస్తే ఆంటీతో పాయసం చేయించారు. నేను తలొంచుకుని తిన్నాను. ఆయన మంచితనం నాకు వీలుగా ఉండేది. ఈ మాట రాయడానికి రాత్రంతా పట్టింది, కానీ సరైన మాట అదే. వీలుగా ఉండేది.

దహనమైన వారానికి స్టేషన్‌కు ఫోన్ చేశాను. నేనెవరో చెప్పి, ఆ చిన్న తూటా నాది అన్నాను. లైనులో ఎక్కడో కుక్క మొరుగుతోంది.

"అతను ఆ తర్వాత రెండుసార్లు అడిగాడు" అంది ఆమె. "వేటాడను, ఊరికే వచ్చి నడిచి పోతాను అన్నాడు. రెండుసార్లూ వద్దన్నాను." ఆ వెంటనే, "ఇది నువ్వు నాకు కాదు, అతని భార్యకి చెప్పాలి" అని పెట్టేసింది.

ఆంటీకి తెలిసే ఉంటుందని నేను అనుకుంటూ వచ్చాను. అలా అనుకోవడం కూడా వీలుగానే ఉండేది. నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె టీ పెట్టింది. ఇద్దరం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. తుపాకి మార్చుకోకపోవడం నుంచి బూట్లు చూస్తూ నిలబడటం దాకా అన్నీ చెప్పాను. దున్నను పిలిచిన సంగతి కూడా చెప్పాను.

ఆమెది ముందే తెలిసిన మనిషి ముఖం కాదు.

"నాకు తాను కొట్టానని చెప్పాడే" అంది మెల్లగా.

నేను కప్పు బల్ల మీద పెట్టాను.

"రెండేళ్ళూ ఆటపట్టించాను పిల్లా. ఉప్పు డబ్బా కనిపించకపోతే, దున్నే కనిపించలేదు ఇదేం కనిపిస్తది అనేదాన్ని. మా తమ్ముడొస్తే వాడి ముందు కూడా. కంటి డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళాను. వచ్చాడు. కూర్చుని ఆ బోర్డు మీద అక్షరాలన్నీ చదివాడు. కళ్ళు బాగున్నాయని డాక్టర్ అంటే, మరెట్లా తప్పింది అని నేనే అడిగాను. నవ్వాడు."

"ఆంటీ, ఇదంతా సంఘం పత్రికలో రాద్దామనుకుంటున్నాను. మీరు వద్దంటే రాయను."

"రాయి. అందరి ముందూ నవ్వాంగా. అందరికీ రాయి."

అని లేచింది. నా కప్పులో టీ ఇంకా సగం ఉంది, ఆవిరి వస్తోంది. ఆమె దాన్ని నా ముందు నుంచి తీసి సింకులో ఒంపింది. సబ్బు పెట్టి, నీళ్ళ కింద తిప్పి తిప్పి కడిగి, రాక్ మీద బోర్లించింది. తర్వాత వచ్చి మళ్ళీ తన కుర్చీలోనే కూర్చుని, కిటికీలోంచి వీధి వైపు చూస్తూ ఉండిపోయింది. ఉండమనలేదు, పొమ్మనలేదు. బోర్లించిన కప్పు అంచు నుంచి ఒక్కో చుక్క కిందికి జారుతోంది.